మాట రాసేదెవరు, మోసేదెవరు?

రామాయపట్నం నుంచి కృష్ణపట్నం దాకా నెల్లూరు తీరం ఇవాళ ప్రాజెక్టుల తీరం. 2008లో వాణిజ్య కార్యకలాపాలు మొదలుపెట్టిన కృష్ణపట్నం ఓడరేవు, ముత్తుకూరు మండలంలోనూ ఆ పరిసరాల్లోనూ వెలసిన థర్మల్ విద్యుత్ కేంద్రాలు, 2022లో పనులు మొదలైన రామాయపట్నం ఓడరేవు, దాని వెనుక వరుసకట్టిన పరిశ్రమల ప్రతిపాదనలు ఈ తీరం రూపురేఖలను మార్చేశాయి. ప్రతి ప్రాజెక్టుతోపాటూ ఉద్యోగాల వాగ్దానం వస్తుంది. సెక్యూరిటీ గార్డు, డ్రైవరు, లోడింగ్ కూలీ, ఐటీఐ చదివితే ఫిట్టరు. ఈ జాబితా ఊళ్లో అందరికీ తెలుసు. పెద్దగా చర్చకు రాని ఉద్యోగం మరొకటి ఉంది. అది సంస్థ తరఫున మాట్లాడే ఉద్యోగం. పౌర సంబంధాల అధికారి, సీఎస్‌ఆర్ మేనేజరు, కమ్యూనిటీ లైజాన్ ఆఫీసరు, కార్పొరేట్ కమ్యూనికేషన్స్ నిపుణుడు అని దానికి రకరకాల పేర్లు. వీటన్నిటినీ కలిపి ఇప్పుడు వ్యూహాత్మక సమాచార రంగం అంటున్నారు.

తీరప్రాంతపు దళిత, యానాది, మత్స్యకార, వెనుకబడిన కులాల కుటుంబాల నుంచి డిగ్రీ దాకా వచ్చిన తొలి తరం విద్యార్థులు ఈ రంగం వైపు ఆశగా చూస్తున్నారు. ఏ కోర్సు చదవాలి, ఎక్కడ చేరాలి, జీతం ఎంత అనే ప్రశ్నలు సహజం. వాటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈ వృత్తిలో మాటను రాసే పని ఒకటి, ఆ మాటను ఊళ్లోకి మోసుకెళ్లే పని ఒకటి. ఆ రెండింటి మధ్య ఉన్న గీతను చాలావరకు కులమే గీసింది. తీరం పిల్లలు మోసే పనిలోకి సులువుగానే వస్తున్నారు, రాసే కుర్చీ దాకా రాలేకపోతున్నారు. ఈ నష్టం కొందరి జీతభత్యాలతో ఆగేది కాదు. భూమి, నీరు, ఉపాధి గురించి ఈ తీరంలో జరిగే ప్రతి నిర్ణయం మీదా దాని ప్రభావం పడుతుంది.

ముందుగా ఈ వృత్తి పుట్టుక గురించి రెండు మాటలు. అమెరికాలో ఐవీ లీ 1906లో పత్రికలకు ఒక సూత్రాల ప్రకటన పంపాడు. రహస్యం పాటించకుండా, కచ్చితమైన సమాచారాన్ని బహిరంగంగా ఇస్తామన్నది దాని సారం. ఆధునిక పౌర సంబంధాల వృత్తికి దాన్ని తొలి నీతి నియమావళిగా చెప్పుకుంటారు. ఎనిమిదేళ్లకు, 1914 ఏప్రిల్‌లో, కొలరాడో రాష్ట్రంలోని లడ్లోలో సమ్మె చేస్తున్న గని కార్మికుల గుడారాల మీద దాడి జరిగింది. మృతుల్లో స్త్రీలు, పిల్లలు ఉన్నారు. గని యాజమాన్యంలో ప్రధాన వాటా ఉన్న రాక్‌ఫెల్లర్ కుటుంబం తన పేరును కాపాడుకోవడానికి నియమించుకున్నది ఆ ఐవీ లీనే. యాజమాన్యం పక్షం వినిపిస్తూ ఆయన పంపిణీ చేయించిన కరపత్రాల్లో తప్పుడు లెక్కలు బయటపడ్డాయి. పారదర్శకత గురించి రాసిన చేయి, ప్రాణనష్టాన్ని కప్పిపుచ్చిన చేయి ఒక్కటే. ఈ వృత్తి తొలినాళ్ల నుంచీ రెండు ముఖాలతోనే ఉంది. మన దేశంలో 1958లో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1968లో ఢిల్లీలో జరిగిన తొలి అఖిల భారత సమావేశం నీతి నియమావళిని ఆమోదించింది. ఏటా ఏప్రిల్ 21న జరుపుకొనే జాతీయ పౌర సంబంధాల దినోత్సవం ఆ సమావేశానికి గుర్తు.

ఈ వృత్తి పాఠ్యాంశాల్లో నేటికీ ముఖ్యస్థానం ఉన్నది గ్రూనిగ్, హంట్ 1984లో ప్రతిపాదించిన నాలుగు నమూనాలకు. కేవలం ప్రచారం చేయడం అట్టడుగు మెట్టు. సమాచారం ఇవ్వడం రెండోది. ఎదుటివారి అభిప్రాయం తెలుసుకొని వారిని ఒప్పించడం మూడోది. ఉభయ పక్షాలూ పరస్పరం విని, అవసరమైతే సంస్థే తన తీరు మార్చుకోవడం నాలుగోది, ఆదర్శవంతమైనది. తరగతి గదిలో ఇది వినసొంపుగా ఉంటుంది. కానీ ఈ నమూనా ఒక విషయాన్ని ముందే ఊహించుకుంటుంది. మాట్లాడుకునే ఇరుపక్షాలూ ఒకరినొకరు సమానులుగా చూసుకుంటారన్నది ఆ ఊహ. ఎస్సీ కాలనీ వేరు, ఊరు వేరు, పట్టపుపాలెం వేరు, యానాదుల సంఘం వేరు అని విడిపోయిన మన పల్లెల్లో ఆ సమానత్వం ఎక్కడుంది? ఊరి పెద్దలతో మాట్లాడితే ఊరందరితో మాట్లాడినట్టే అని సంస్థలు భావిస్తాయి. ఊరి పెద్ద అంటే ఎవరో నెల్లూరు జిల్లాలో వివరించి చెప్పనక్కర్లేదు. భూమి, కాంట్రాక్టులు, రాజకీయ నాయకత్వం దశాబ్దాలుగా రెండు మూడు వ్యవసాయాధిపత్య కులాల చుట్టూనే తిరుగుతున్నాయి. సంప్రదింపులు అక్కడే మొదలై అక్కడే ముగుస్తాయి.

అణగారిన కులాలకు ఈ విద్య కొత్తదన్న భ్రమ కూడా తొలగాలి. వ్యూహాత్మక సమాచారం అంటే మన గురించి సమాజం వాడే మాటను మార్చి, దాని ద్వారా సమాజపు ప్రవర్తనను మార్చడం. ఆ అర్థంలో తెలుగునాట జరిగిన గొప్ప ప్రయోగాల్లో ఒకటి 1917 నవంబరులో బెజవాడలో జరిగింది. పంచమ మహాసభగా తలపెట్టిన సభను భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర మహాసభగా మార్చారు. పంచమ అనే మాట మనిషిని వర్ణవ్యవస్థకు వెలుపల నిలబెడుతుంది. ఆది ఆంధ్ర అనే మాట ఈ నేలకు తొలి హక్కుదారుగా నిలబెడుతుంది. ఐదేళ్లకే, 1922లో, మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే పేర్లను అధికారికంగా అంగీకరించింది. అప్పటి నెల్లూరు జిల్లా కూడా ఆ మద్రాసు రాష్ట్రంలోనిదే. ఏ ఏజెన్సీకీ ఫీజు చెల్లించకుండా, ఒక జనసమూహం తన పేరును తానే ప్రభుత్వ దస్త్రాల్లోకి ఎక్కించిన ఘటన ఇది. అంబేడ్కర్ 1920 జనవరిలో ‘మూక్‌నాయక్’ ప్రారంభించినప్పుడు డబ్బు చెల్లిస్తామన్నా ‘కేసరి’ పత్రిక దాని ప్రకటన వేసుకోలేదు. మాటను చేరవేసే సాధనం పరుల చేతిలో ఉంటే ఏమవుతుందో ఆయనకు మొదటి సంచికతోనే తెలిసివచ్చింది. ‘బహిష్కృత భారత్’, ‘జనతా’, ‘ప్రబుద్ధ భారత్’ పత్రికలు ఆ ఎరుకలో నుంచి వచ్చినవే.

నెల్లూరుకు ఈ విషయంలో సొంత చరిత్ర ఉంది. 2008లో జిల్లాకు పొట్టి శ్రీరాములు పేరు పెట్టారు. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952లో ఆయన చేసిన ఆమరణ దీక్ష ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి దళితుల ప్రవేశం కోసం ఆయన చేసిన దీక్ష అంతగా గుర్తు లేదు. ఆ తర్వాత అస్పృశ్యతకు వ్యతిరేకంగా నినాదాలు రాసిన అట్టలు ఒంటికి తగిలించుకొని, మండుటెండలో చెప్పులు లేకుండా నెల్లూరు వీధుల్లో తిరిగిన శ్రీరాములు అసలే గుర్తు లేరు. అప్పట్లో జనం ఆయన్ను చూసి నవ్వారు. ఒకే మనిషి జీవితంలో ఏ ఘట్టం స్మారకంగా నిలవాలో, ఏది మరుగున పడాలో సమాజం ఎంచుకుంది. భాషాభిమానం ఏ కులానికీ ఇబ్బంది కలిగించదు కాబట్టి అది నిలిచింది. ఆలయ ప్రవేశం ఇబ్బంది కలిగిస్తుంది కాబట్టి అది చెరిగింది. సందేశాన్ని ఎంపిక చేయడం ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఏ కమ్యూనికేషన్ పుస్తకంలోనూ ఉండదు.

ఇదే జిల్లాలో 1990ల ఆరంభంలో సాక్షరతా ఉద్యమం నడిచింది. ప్రభుత్వం వయోజనులకు అక్షరాలు నేర్పడానికి వాచకాలు, కళాజాతాలు సిద్ధం చేసింది. దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని మూయించిన ఉదంతం ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా వాచకంలోకి ఎక్కింది. ఒక ఊరి కథ చదివిన పక్క ఊరి మహిళలు తమ ఊళ్లోనూ అదే పని చేశారు. వారిలో దళిత, వెనుకబడిన కులాల, ముస్లిం కూలి మహిళలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. కోట్ల రూపాయల ఆదాయాన్ని ప్రభుత్వం చేత వదులుకునేలా చేసిన ఈ ప్రచారాన్ని ఉద్యమంగా గుర్తించాం, గౌరవించాం. దాని వెనుక ఉన్న నైపుణ్యాన్ని మాత్రం వృత్తి నైపుణ్యంగా ఎవరూ లెక్కించలేదు. సందేశాన్ని ఎంచుకోవడం, దాన్ని కథగా మలచడం, ఊరి నుంచి ఊరికి చేర్చడం, ప్రభుత్వం స్పందించే దాకా వదలకపోవడం అన్నవే కార్పొరేట్ కార్యాలయాల్లో పెద్ద జీతాలు తెచ్చే నైపుణ్యాలు. కూలి మహిళ చేస్తే అది తెగింపు అనిపించుకుంది. మేనేజ్‌మెంట్ పట్టా ఉన్నవారు చేస్తే వ్యూహం అనిపించుకుంటోంది.

ఇక నేటి వృత్తి లోపలి పరిస్థితి. పౌర సంబంధాల ఏజెన్సీలు తమ సిబ్బంది కులాల వివరాలు ప్రకటించవు. అయితే ఈ రంగానికి తోబుట్టువైన పత్రికారంగంలో లెక్కలున్నాయి. ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ 2019లో ప్రచురించిన అధ్యయనం 121 సంపాదక నాయకత్వ స్థానాలను పరిశీలిస్తే 106 అగ్రకులాల వారి చేతిలో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. ప్రైవేటు ఉద్యోగాల ఎంపిక ఎలా జరుగుతుందో 2007లో వెలువడిన రెండు అధ్యయనాలు చూపించాయి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు ఇంటిపేర్లతో ప్రైవేటు సంస్థలకు పంపారు. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరున్న దరఖాస్తుతో పోలిస్తే మూడింట రెండు వంతులే ఉంది. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ మానవ వనరుల మేనేజర్లతో మాట్లాడారు. ప్రతిభే ప్రమాణం అని నొక్కి చెప్పిన ఆ మేనేజర్లు అదే నోటితో కుటుంబ నేపథ్యం గురించి తప్పక అడుగుతామన్నారు. తండ్రి ఏం చేస్తాడు, ఏ ఊరు, ఇంట్లో ఎవరు చదువుకున్నారు అన్న ప్రశ్నల్లో కులం పేరు ఉండదు. సమాధానంలో మాత్రం తప్పకుండా ఉంటుంది.

పౌర సంబంధాల వృత్తిలో ఈ వివక్ష మరింత సూక్ష్మంగా పనిచేస్తుంది. ఎందుకంటే ఇక్కడ అమ్ముడయ్యే సరుకు పరిచయాలే. ఏ పత్రిక సంపాదకుడు ఫోన్ ఎత్తుతాడు, ఏ కార్యదర్శి సమయమిస్తాడు, ఏ ఎమ్మెల్యే ఇంట్లో చనువుంది అన్నదాన్ని బట్టి ఉద్యోగి విలువ కడతారు. ఆ పరిచయాలు పెళ్లి పందిళ్లలో, హాస్టల్ గదుల్లో, కులసంఘాల విందుల్లో తరాలుగా పెరిగినవి. వాటికి ‘నెట్‌వర్క్’ అనే కొత్త పేరు పెట్టినంత మాత్రాన వాటి కులం మారదు. పెద్ద నగరంలో ఆరు నెలలు జీతం లేని ఇంటర్న్‌షిప్ చేయాలంటే వెనుక డబ్బుండాలి. ఇంగ్లిష్ ఉచ్చారణ, కట్టూబొట్టూ, భోజనాల బల్ల దగ్గరి మర్యాద ‘వ్యక్తిత్వం’ పేరుతో మార్కులవుతాయి. ఈ వడపోత తర్వాత తీరం కుర్రవాడికి మిగిలేది ఫీల్డ్ కోఆర్డినేటర్ పోస్టు. జనాన్ని సమావేశానికి తీసుకురావడం, కరపత్రాలు పంచడం, ఊళ్లో ఎవరు ఎదురు మాట్లాడుతున్నారో పైకి చెప్పడం అతని పని. కరపత్రంలో ఏముండాలో నిర్ణయించేది హైదరాబాదులోనో చెన్నైలోనో ఇంకెవరో. కాలనీ మనిషి కాలనీకి వెళ్లి చెబితే నమ్ముతారన్నదే అతన్ని నియమించుకోవడానికి కారణం. అంటే సంస్థ కొనుక్కుంటున్నది అతని ఆలోచనను కాదు, అతని కులం మీద అతని వాళ్లకున్న నమ్మకాన్ని.

ఈ శ్రమ విభజన ఫలితం ఎలా ఉంటుందో ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో చూడవచ్చు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ఈ సభలకు చట్టబద్ధమైన పద్ధతి ఏర్పరచింది. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం ఇంగ్లిష్‌తోపాటు స్థానిక భాషలోనూ ఉండాలి. జిల్లా కలెక్టరు లేదా నిర్దేశిత హోదాకు తగ్గని ఆయన ప్రతినిధి అధ్యక్షత వహించాలి. సభను వీడియో తీయాలి. ప్రజలు లేవనెత్తిన అంశాలను, వాటికి సంస్థ ఇచ్చిన జవాబులను స్థానిక భాషలోనూ నమోదు చేయాలి. ఇదంతా బాగానే ఉంది. అదే నోటిఫికేషన్ ప్రకారం సభ మొదలుపెట్టడానికి కోరం అవసరం లేదు. తొలి ప్రసంగం సంస్థ ప్రతినిధిది. వందల పుటల ఇంగ్లిష్ నివేదికను పది పన్నెండు పుటల తెలుగులోకి కుదించేటప్పుడు ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చే కలం సంస్థదే. అంటే ఈ సభ ఫలితం షామియానా కింద తేలదు. నెలలకు ముందే, ఒక గదిలో, ఒక కీబోర్డు ముందు తేలుతుంది. ఆ కీబోర్డు ముందు కూర్చున్నవారికి వేటకు పోయే పడవ దారి, రొయ్యల గుంటల కింద చవుడుబారిన నేల, యానాది కుటుంబం ఎండ్రకాయల కోసం తిరిగే మడ, కాలనీవారి పశువులు మేసే పోరంబోకు తెలియవు. తెలియనివి నివేదికలోకి రావు. నివేదికలో లేనివాటికి పరిహారం ఉండదు.

ఒక పదం బతుకులను ఎంత మార్చగలదో సోంపేట చెప్పింది. శ్రీకాకుళం జిల్లాలోని ఆ తంపర నేలలను థర్మల్ ప్రాజెక్టు పత్రాలు పనికిరాని భూములన్నాయి. అక్కడి రైతులు, మత్స్యకారులు అవి తమకు నీరు, చేప, గడ్డి ఇచ్చే బీల అన్నారు. 2010 జులై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. బీల అనే మాట మొదటి నివేదికలోనే చోటు చేసుకొని ఉంటే అంత రక్తపాతం అవసరమయ్యేదా? నెల్లూరు తీరంలోనూ ఇదే కథ మరో రూపంలో ఉంది. శ్రీహరికోటను 1969లో అంతరిక్ష కేంద్రానికి ఎంచుకున్నప్పుడు అది నెల్లూరు జిల్లాలోని దీవి. 1971 అక్టోబరులో అక్కడి నుంచి తొలి రాకెట్ ఎగిరింది. ఆ కేంద్రం సాధించిన విజయాలు దేశానికి గర్వకారణం, అందులో సందేహం లేదు. కానీ ఆ దీవి అడవినీ నీటినీ నమ్ముకొని బతికిన యానాదులు ఆ విజయగాథలో ఎన్ని వాక్యాలు పొందారు? వలసపాలన యానాదుల్లో కొందరి మీద నేరస్త జాతి అనే ముద్ర వేసింది. ఆ ముద్ర కూడా ఒక అధికారిక సమాచార ప్రకటనే. దాన్ని ఖండించే ప్రకటన రాయడానికి యానాదులకు ఏ కార్యాలయమూ లేదు.

2025 జూన్ చివర ఉలవపాడు మండలం కరేడు రైతులు జాతీయ రహదారి మీదికి వచ్చారు. సౌర ఫలకాల పరిశ్రమ కోసం ఎనిమిది వేల ఎకరాలకు పైగా సేకరించాలన్న ప్రతిపాదన దానికి కారణం. పెట్టుబడి, ఉపాధి, అభివృద్ధి అన్న మాటలు ఒకవైపు నుంచి వచ్చాయి. భూగర్భజలం, ఏటా తీసే పంటలు, సముద్రపు వేట అన్న మాటలు ఇంకోవైపు నుంచి వచ్చాయి. మొదటి వైపు మాటలకు ముందే తయారైన ప్రెస్ నోట్లున్నాయి. రెండో వైపు మాటలు వినపడాలంటే రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. భూమి ఉన్న రైతు పరిస్థితే ఇది. ఆ భూమి మీద కూలి చేసే దళితుడు, పట్టా లేని యానాది, కౌలుదారు ఏ జాబితాలో ఉంటారు? నెల్లూరు జిల్లాలో పేదల కోసం ఏర్పడిన ఉమ్మడి సహకార వ్యవసాయ సంఘాల భూములు, అసైన్డ్ భూములు విస్తారంగా ఉన్నాయి. ప్రభుత్వం అసైన్డ్ భూమిని ప్రజా ప్రయోజనం కోసం వెనక్కి తీసుకున్నా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఈ ఒక్క వాక్యం కాలనీ గోడ మీద తెలుగులో రాసి ఉంటే ఎన్ని బేరాలు వేరేగా ముగిసేవో ఊహించవచ్చు. అది రాయడం కూడా వ్యూహాత్మక సమాచారమే.

ప్రైవేటు సంస్థల సంగతి అలా ఉంచితే, ప్రభుత్వం సంగతి ఏమిటి? సమాచార పౌర సంబంధాల శాఖలో జిల్లా అధికారుల నుంచి సహాయ అధికారుల దాకా నియామకాల్లో రిజర్వేషన్ వర్తిస్తుంది. దళిత, బహుజన విద్యావంతులు అధికారికంగా కలం పట్టుకోగలిగిన కొద్ది చోట్లలో అదొకటి. గత దశాబ్దంలో ప్రచారపు పని క్రమంగా ఆ శాఖ చేతుల్లోంచి కన్సల్టెన్సీల చేతుల్లోకి జారుతోంది. సామాజిక మాధ్యమాల నిర్వహణ, పథకాల ప్రచారం, నాయకుడి ప్రతిష్ఠ నిర్మాణం సేవల కాంట్రాక్టులుగా మారాయి. ఉద్యోగి అయితే రోస్టరు ఉంటుంది, కాంట్రాక్టు అయితే టెండరే ఉంటుంది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగాల్లో రిజర్వేషన్ పాటించేందుకు 2020లో రాష్ట్రంలో ప్రత్యేక కార్పొరేషన్ ఏర్పాటైంది. కన్సల్టెన్సీలు తమ బృందాలను ఎలా ఎంచుకుంటాయో అడిగే వ్యవస్థ మాత్రం లేదు.

ఎన్నికల కన్సల్టెన్సీలు దీనికి పరాకాష్ఠ. ప్రశాంత్ కిశోర్ బృందాన్ని వైఎస్సార్ కాంగ్రెస్ 2017 ప్లీనరీలో బహిరంగంగానే పరిచయం చేసింది. 2024 ఎన్నికల్లో తెలుగుదేశం రాబిన్ శర్మ సంస్థతో పనిచేసింది. ఏ పార్టీ గెలిచినా పద్ధతి ఒక్కటే. నియోజకవర్గం, మండలం, బూత్ వారీగా కులాల లెక్క వేయడం, ఒక్కో కులానికి ఒక్కో సందేశం తయారుచేయడం ఇందులో ముఖ్యమైన పని. బూత్‌లో మాల ఓట్లు ఎన్ని, మాదిగ ఓట్లు ఎన్ని, పట్టపు ఓట్లు ఎన్ని అని లెక్కించే బృందానికి కులం తెలియదని చెప్పలేం. కులాన్ని ఇంత కచ్చితంగా కొలవగల పరిశ్రమ తన ఉద్యోగుల హాజరుపట్టీ దగ్గరకు వచ్చేసరికి మాకు కులం తెలియదు, ప్రతిభే తెలుసు అంటుంది. ఈ అమాయకత్వాన్ని నమ్మాల్సిన అవసరం మనకు లేదు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. భూములు పోగొట్టుకున్న ఊళ్ల పిల్లలు అదే సంస్థ ప్రచార విభాగంలో చేరడం ద్రోహం కాదా అన్నది ఉద్యమకారుల నుంచి వచ్చే అభ్యంతరం. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ కంపెనీ గేటు దగ్గర కాపలా ఉన్నవాడిని, కంపెనీ లారీ నడిపేవాడిని మనం ద్రోహి అనడం లేదు. కలం పట్టినవాడి దగ్గరకు వచ్చేసరికే పవిత్రత గురించి మాట్లాడితే, ఆ కుర్చీని అగ్రకులాలకు శాశ్వతంగా రాసిచ్చినట్టవుతుంది. చేరాలా వద్దా అన్నదానికన్నా ఏ షరతు మీద చేరాలి, ఏ వాక్యం మీద సంతకం పెట్టకూడదు అన్నది ముఖ్యం. నష్టాన్ని దాచమన్న ఆదేశానికి లొంగకపోవడం ఆ గీత. నీతి నియమావళులన్నీ కాగితం మీద ఆ గీతను అంగీకరించినవే.

రెండో అభ్యంతరం వృత్తి పెద్దల నుంచి వస్తుంది. బాగా రాసేవాడు ఏ కులమైతేనేం అంటారు. బాగా రాయడం అంటే విషయం తెలిసి రాయడం. తీరం గురించి రాసే బృందంలో తీరం మనిషి లేకపోవడం ఆ బృందపు ప్రతిభలోనే లోపం. సంస్థల స్వప్రయోజనం దృష్ట్యా చూసినా, ముందే వినని మాట తర్వాత కోర్టు నోటీసుగానో రహదారి దిగ్బంధంగానో వస్తుంది.

కాబట్టి ఈ వృత్తిలోకి రావాలనుకునే విద్యార్థులు కొన్ని విషయాల మీద పట్టు సాధించాలి. మొదటిది రెండు భాషలు. ఇంగ్లిష్‌కు భయపడకూడదు, తెలుగును చిన్నచూపు చూడకూడదు. ఇంగ్లిష్ నివేదికను ఊరికి అర్థమయ్యే తెలుగులోకి, ఊరి మాటను అధికారికి తప్పించుకోవడానికి వీల్లేని ఇంగ్లిష్‌లోకి మార్చగలవారు ఎక్కడైనా అరుదే. రెండోది చట్టం. 2006 నోటిఫికేషన్, 2013 భూసేకరణ చట్టం, 2005 సమాచార హక్కు చట్టం, అసైన్డ్ భూముల చట్టం చదవని కమ్యూనికేషన్ పట్టా ఈ తీరంలో సగం పట్టాయే. మూడోది లెక్క. కంపెనీ వార్షిక నివేదికలో డబ్బు ఎటు పోయిందో చదవగలగాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ పరిధిలోకి వచ్చే సంస్థలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి, స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. ఆ ఖర్చు ఊళ్లోని ఆర్చీకి పోయిందా, కాలనీ మంచినీటికి పోయిందా అని అడగగలవాడే అసలైన పౌర సంబంధాల అధికారి. వీటితోపాటు ఫీల్డ్ పోస్టులో చేరినా రెండేళ్లలో రాసే బల్ల దగ్గరకు మారే దారి ఉందా అని ఇంటర్వ్యూలోనే అడగాలి. లేదంటే ఆ ఉద్యోగం మెట్టు కాదు, గోడ.

భారం మొత్తం విద్యార్థి మీద వేయడం న్యాయం కాదు. నెల్లూరులో 2008 నుంచి విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. తీరప్రాంత అధ్యయనం, చట్టం, ద్విభాషా రచన కలిసిన కమ్యూనికేషన్ కోర్సు ఇలాంటి ప్రాంతీయ విశ్వవిద్యాలయాల్లో ఉండాలి. ఇంటర్న్‌షిప్‌లకు జీతం తప్పనిసరి కావాలి. ప్రచార కాంట్రాక్టులిచ్చే ప్రతి ప్రభుత్వ టెండరులోనూ బృందపు సామాజిక కూర్పును వెల్లడించాలన్న షరతు పెట్టాలి. సెబీ 2022–23 నుంచి మార్కెట్ విలువ రీత్యా మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి చేసిన సుస్థిరత నివేదిక ఉద్యోగుల్లో స్త్రీలెందరు, వికలాంగులెందరు అని అడుగుతుంది. ఎస్సీ, ఎస్టీ, బీసీలెందరని అడగదు. ఆ గడి చేర్చడానికి కొత్త ఉద్యమం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు తెలుగు సారాంశాన్ని స్వతంత్ర నిపుణుల చేత సరిచూపించే ఏర్పాటు, కాలనీలలో, పాలేలలో, సంఘాలలో దాన్ని చదివి వినిపించే బాధ్యత కాలుష్య నియంత్రణ మండలి తీసుకోవాలి.

నేలటూరు థర్మల్ కేంద్రానికి దామోదరం సంజీవయ్య పేరుంది. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన ఆయన దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు. ఆ పేరు పెట్టడం గౌరవమే. పేరును గేటు మీద రాయడం ప్రభుత్వానికి సులువైన పని. ఆ గేటు లోపల, పత్రాలు తయారయ్యే గదిలో, సంజీవయ్య వచ్చిన సమాజం నుంచి ఎందరున్నారన్నది అంతకన్నా కష్టమైన ప్రశ్న. రాబోయే పదేళ్లలో ఈ తీరం గురించి వేల పుటలు రాయబోతున్నారు. వాటిని ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. ఆ రాసేవారిలో పట్టపుపాలెం పిల్ల, యానాది సంఘం పిల్లవాడు, మాలపల్లి మాదిగపల్లి పట్టభద్రులు ఉండేలా చూడడం విశ్వవిద్యాలయాల, సంస్థల, ప్రభుత్వ బాధ్యత. ఆ కుర్చీని అడిగి తీసుకోవడం మన విద్యార్థుల హక్కు.